పట్టీ చెప్పిన జబ్బు

రోగి అబద్ధమాడవచ్చు గానీ, రోగి చేతికి కట్టిన పట్టీ ఆడదు. ఆధునిక వైద్యం నానా తంటాలు పడి కనిపెట్టిన పరమసత్యమిది. దీన్ని నిలబెట్టడానికే మా పెద్దాసుపత్రిలో 'రోగి భద్రతా విభాగం' వెలిసింది. (ఎవరి నుంచి భద్రత అన్నది మాత్రం బోర్డు మీద రాయలేదు. మర్యాదగా ఉండదనుకున్నారేమో.)

మా బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. ఆయన కుడికంట్లో శుక్లం వచ్చింది. భూతద్దం బిగించుకునే కన్ను అదే, ఎడమకంటి చూపు మొదట్నుంచీ అంతంతమాత్రం. చక్రాలు, స్ప్రింగులు అలుక్కుపోయినట్టు కనబడి, దుకాణం మూసుకునే పరిస్థితి వచ్చింది. సరే, ఆపరేషను చేయించుకుందామని ఆసుపత్రిలో చేరాడు.

పక్క మంచం మీద ఒక బస్సు డ్రైవరు. పిత్తాశయంలో రాళ్లు. పాపం, మంచివాడు.

"అన్నా, మీకు చూపు ఆనడం లేదు కదా, ఇటు కిటికీ దగ్గర వెలుతురుగా ఉంది, ఇక్కడ పడుకోండి" అని తన మంచం ఇచ్చేసి, బాబాయి మంచం ఎక్కాడు.

కాసేపటికి నర్సు వచ్చి, మంచం నంబర్లు చూసి, ఇద్దరి చేతులకూ జబ్బు పేరు రాసిన పట్టీలు కట్టి వెళ్లింది. బాబాయికి దాని మీది అక్షరాలు కనబడలేదు (కనబడితే ఆసుపత్రికి రానే రాడు). పిన్ని చదివి ఉలిక్కిపడి, నర్సును వెనక్కి పిలిచింది.

"సిస్టర్, ఈయనకు కంటి ఆపరేషను కదమ్మా!"

నర్సు పట్టీ చూసింది. "కాదండీ, పిత్తాశయం."

"ఇన్నేళ్లు కాపురం చేశాను, ఈయనకేం జబ్బో నాకు తెలీదా?"

"మీకు తెలిస్తే సరిపోదమ్మా, సిస్టంకి తెలియాలి."

గొడవ విని భద్రతాధికారి స్వయంగా వచ్చాడు. ఎంతో మర్యాదస్తుడు. పిన్నిని కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించాడు. "మా దగ్గర పొరపాటు జరగదమ్మా. వార్డులో ఒకసారి, లిఫ్టు దగ్గర ఒకసారి, థియేటర్లో ఒకసారి, మూడుసార్లు సరిచూస్తాం."

"మూడుసార్లూ ఏం చూస్తారు?"

"పట్టీ."

"ఆ పట్టీయే తప్పయితే?"

"అందుకేనమ్మా మూడుసార్లు చూసేది."

"బాబూ, నాకసలు కడుపునొప్పే లేదు" అన్నాడు బాబాయి.

"చాలామందికి ఉండదండీ. అదే ప్రమాదం."

దాంతో బాబాయి మంచం దిగి చెప్పులు వెతుక్కున్నాడు. దీన్ని వైద్యంలో 'శస్త్రచికిత్సకు ముందు కలిగే ఆందోళన' అంటారట. దానికో ఇంజెక్షను ఉంది. అది పొడిచాక కూడా ఆయన "కన్ను... కుడికన్ను..." అంటూనే ఉన్నాడు. పలవరింత అని రాసుకున్నారు.

మెలకువ వచ్చేసరికి పొట్ట మీద కట్టు ఉంది. కంటి మీద లేదు. పిన్ని పక్కన కూర్చుని కుమిలి కుమిలి ఏడుస్తోంది.

"ఊరుకోవే. నువ్వేడ్చినా నాకెలాగూ సరిగ్గా కనబడటం లేదు" అన్నాడు బాబాయి నీరసంగా.

సర్జను వచ్చి అభినందించాడు. "ఒక్క రాయి కూడా లేదండీ! ఇంత ఆరోగ్యమైన పిత్తాశయాన్ని నా సర్వీసులో ఎప్పుడూ తీయలేదు."

అవతల డ్రైవరుకు కంటి ఆపరేషను జయప్రదంగా ముగిసింది. శుక్లం ఎంత వెతికినా దొరకలేదు గానీ, కంటి డాక్టరు చేయాల్సిందంతా చేశాడు. నువ్వయినా నోరు విప్పలేదేమయ్యా అని పిన్ని నిలదీస్తే, "పెద్ద చదువులు చదివినవాళ్లు కదక్కా, కొత్త పద్ధతిలో రాళ్లు అటునుంచి తీస్తారేమో అనుకున్నా" అన్నాడు.

పిన్ని ఊరుకోలేదు. విచారణ సంఘం వేసేదాకా ఆసుపత్రి మెట్ల మీద నుంచి కదల్లేదు. సంఘం కూర్చుంది, టీలు తాగింది, తేల్చింది. పట్టీలను మూడుసార్లూ శ్రద్ధగానే చూశారు. కాబట్టి సిబ్బంది తప్పు లేదు. ప్రమాదానికి కారణం ఒక రోగి మరో రోగి పట్ల అనుమతి లేకుండా చూపిన మంచితనం. ఇకమీదట వార్డుల్లో దాన్ని నిషేధించారు.

బాబాయి వేరే వీధిలో ఒక చిన్న కంటి క్లినిక్కుకు వెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ "ఏ కన్నండీ?" అని నోటితో అడిగేసరికి, ఆ మసక కంట్లోనే నీళ్లు తిరిగాయి. ఇప్పుడు దుకాణం తెరిచాడు. చేతి గడియారంలో సెకన్ల ముల్లు కూడా చక్కగా కనబడుతోంది.

డ్రైవరు మాత్రం పోయిన వారం పొట్ట పట్టుకుని మళ్లీ పెద్దాసుపత్రికి వెళ్లాడు. రికార్డుల ప్రకారం ఆయన పిత్తాశయం ఎప్పుడో తీసేశారు. లేని అవయవం నొప్పి పెడుతోందని అంటున్నాడు కనుక, పిచ్చి డాక్టరుకు చూపించమని రాశారు.