పంచదార లేని పన్నెండు ఇళ్ళు

నాలుగంతస్తుల ఆ భవనంలోని పన్నెండు ఇళ్ళలోనూ పంచదార వాడకం తక్షణం రద్దయినట్టు నివాసుల సంఘం నోటీసు బోర్డు మీద ప్రకటన వెలిసింది. తీర్మానం ఏకగ్రీవం. వ్యతిరేకించేవారు చెయ్యెత్తవచ్చని అధ్యక్షులవారు అన్నప్పుడు ఒక చెయ్యి లేచిన మాట నిజమే. అది దోమను తోలడానికి లేచిందని మినిట్సులో రాసుకున్నారు.

ఆ చెయ్యి పాకం మేస్త్రీది. రెండో అంతస్తులో కొడుకు, కోడలి దగ్గర ఉంటాడు. ముప్పై ఎనిమిదేళ్ళు పంచదార మిల్లులో పనిచేశాడు. పెద్ద బాండీలో పాకం ఉడుకుతుంటే కాస్త తీసి గాజుముక్క మీద వేసుకుని, బొటనవేలితో రుద్ది, వెలుతురుకి పట్టి, పలుకు కట్టిందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన "ఊఁ" అంటే పాకం దించేవారు. "ఊహూఁ" అంటే మేనేజరైనా నోరు మూసుకుని నిలబడేవాడు. ఆ రెండు మాటలతోనే సర్వీసంతా గడిపి రిటైరైన మనిషి గనక, సమావేశంలో మూడో మాట తోచక చెయ్యి మాత్రం ఎత్తాడు.

ఆయనకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. పొద్దున్నే గ్లాసుడు టీ, అందులో రెండు చెంచాల పంచదార. షుగరు జబ్బు లేదని డాక్టరు రాసిచ్చిన కాయితం కూడా ఉంది. అది చూపిస్తే కోడలు చదివి, మడతపెట్టి ఆయన జేబులోనే పెట్టేసింది.

"జబ్బు లేనివాళ్ళే జాగ్రత్తగా ఉండాలి మామయ్యా. ఉన్నవాళ్ళకి ఎలాగూ వచ్చేసింది కదా."

దీనికి "ఊఁ" అనడానికీ లేదు, "ఊహూఁ" అనడానికీ లేదు.

కోడలు చెడ్డది కాదు. వచ్చిన చిక్కల్లా అదే. ఏ పని పట్టినా నిజంగానే చేస్తుంది. తీర్మానానికి చేతులెత్తి అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. ఈమె ఇంటికొచ్చి పంచదార డబ్బా ఖాళీ చేసి, కడిగి, తుడిచి, ఎండబెట్టి, అందులో అవిసె గింజలు పోసింది. కొడుకు మాత్రం సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే సోఫాలో వాలి, "పంచదార తెల్లటి విషం నాన్నా" అని బోధ చేసేవాడు. ఆ తెల్లదనం తెప్పించినందుకే మేస్త్రీకి జీతమిచ్చారు. ఆ జీతంతోనే ఈ కొడుకుని చదివించాడు. అంచేత వింటూ కూర్చునేవాడు.

ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన మొదటి వారం బాగా కుంగిపోయాడు. "మీవాళ్ళు నా పొట్టమీద కొట్టారు మేస్త్రీగారూ" అని బెంచీ మీద చోటిచ్చి మరీ వాపోయాడు. రెండో వారం పంచదార బస్తా ముందునుంచి లోపలికి వెళ్ళిపోయింది. మూడో వారం నుంచి భవనంలోని జనం వచ్చి "అవిసె గింజలు రెండు కిలోలు" అని అడగడం, కొట్టాయన లోపలికి వెళ్ళి గట్టిగా కట్టిన పొట్లం తేవడం మేస్త్రీ గమనించాడు. అవిసె గింజల పొట్లం చుట్టూ చీమలు పట్టడం ఆయన అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చూసి ఊరుకున్నాడు.

నిషేధం దిగ్విజయంగా అమలవుతున్నందుకు గుర్తుగా సంఘం ఒక పోటీ పెట్టింది. ఇంట్లో తయారుచేసిన, ఆరోగ్యకరమైన, పచ్చి నల్ల చాక్లెట్ల పోటీ. పచ్చి అంటే నలభై రెండు డిగ్రీలు దాటి వేడి తగలరాదు. నల్ల అంటే పాలు తగలరాదు. ఆరోగ్యకరమైన అంటే పంచదార తగలరాదు. ఇంట్లో తయారుచేసిన అంటే ఏమిటో అందరికీ తెలుసు గనక వివరించలేదు. అధ్యక్షులవారు తూనికలు, కొలతల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి దిగినవారు. ఆయన ఇలా సెలవిచ్చారు:

"మనం పంచదారను తరిమామని కొందరంటున్నారు. తప్పు! మన క్రమశిక్షణ చూసి పంచదారే సిగ్గుపడి వెళ్ళిపోయింది!"

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆనాటి నుంచి రెండో అంతస్తు వంటగదిలో కర్ఫ్యూ. కోకో వెన్నను గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి. అందులో వేయించని కోకో పొడి, తీపికి ఖర్జూరం ముద్ద. వేడి ఎక్కువైతే కోకోలోని ప్రాణం పోతుందని కోడలు ఎక్కడో చదివింది. ఇంట్లో నలభై రెండు డిగ్రీల దాకా కొలిచే వస్తువు ఒక్కటే ఉంది, జ్వరం చూసే థర్మామీటరు. అది మందుల పెట్టెలోంచి వంటగదికి బదిలీ అయింది. గిన్నెలో ఒక్క నీటిబొట్టు పడ్డా మొత్తం బిగుసుకుపోతుంది గనక వంటగదిలో నీళ్ళు తాగడం, చేతులు కడగడం, తుమ్మడం నిషేధించారు.

మధ్యలో మేస్త్రీకి ఒళ్ళు వెచ్చబడింది.

"అమ్మాయ్, ఆ థర్మామీటరు ఒకసారి..."

"ముప్పై తొమ్మిది దగ్గర ఉంది మామయ్యా, ఇప్పుడు తియ్యకూడదు!"

"నాకా?"

"చాక్లెట్టుకి."

చాక్లెట్టుకు ముప్పై తొమ్మిదిన్నర దాకా వెళ్ళి తగ్గింది. మేస్త్రీకి ఎంతదాకా వెళ్ళిందో ఎవరికీ తెలీదు. ఆయన జ్వరం ఎవరూ కొలవకుండానే వచ్చి, ఎవరూ కొలవకుండానే పోయింది.

అచ్చులోంచి తీసిన మొదటి ముక్క ఆయనకే పెట్టింది కోడలు. నమిలాడు. నాలుక మీద పడ్డది ఏమిటో ఒక పట్టాన తేలలేదు. చేదు ముందు వచ్చింది. దాని వెనకాల వగరు వచ్చింది. ఖర్జూరం తాలూకు తీపి దారి తప్పి ఎక్కడో ఆగిపోయింది.

"ఎలా ఉంది మామయ్యా?"

ఆ పిల్ల కళ్ళకింద నల్లచారలు, వేళ్ళ సందున కోకో. ఆయన కష్టపడి మింగాడు.

"పలుకు లేదు. మెత్తగా ఉంది" అన్నాడు. అబద్ధం కాదు.

ఇంతలో సంఘానికి ఒక న్యాయనిర్ణేత కావలసి వచ్చాడు. పంచదార ఆనవాలు పట్టగలిగిన మనిషి ఆ భవనంలో ఒక్కడే కాబట్టి మేస్త్రీని నియమించారు. నియామకపు కాయితం అందిన మర్నాటి నుంచి పొద్దున్నే ఆయనకు పిలుపులు మొదలయ్యాయి.

మొదట పళ్ళ డాక్టరమ్మ పిలిచింది. మూడో అంతస్తు. ఆమె ఇచ్చిన టీ ఒక గుక్క తాగి మేస్త్రీ గ్లాసులోకి చూశాడు. రెండు చెంచాలు. తప్పు లేదు.

"తేనె వేశాను బాబాయిగారూ" అంది ఆమె.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఇంకో గుక్క తాగాడు. మాట్లాడని మనిషి ముందు ఎంతసేపని నిలబడతారు?

"అంటే... పంచదార కొంచెం ఉందనుకోండి ఇంట్లో. మాక్కాదు. చీమల మందులో కలపడానికి. చాక్లెట్లో కూడా ఒక్క చెంచానే. ఈ భవనం మొత్తంలో మేమొక్కళ్ళమే తప్పు చేశాం. ఎవరితో అనకండే!"

"ఊఁ" అన్నాడు మేస్త్రీ.

ఆ తర్వాత మిగతా ఇళ్ళూ పిలిచాయి. ఒకరింట్లో మరకలు పోవడానికి దాచారు. ఇంకొకరింట్లో పూలు వాడిపోకుండా ఫ్లవర్‌వేజు నీళ్ళలో కలుపుతున్నారు. నాలుగో అంతస్తులో ఒక ఇంటివారికి అది పాత ఫోటోలున్న పెట్టెలో ఎలా వచ్చిందో కూడా తెలీదు. అధ్యక్షులవారింట్లో మాత్రం దాపరికం లేదు. పంచదార అంటే ఎలా ఉంటుందో రేపటి తరానికి చూపించడానికి నమూనాగా అయిదు కిలోలు భద్రపరిచారు. పదకొండు ఇళ్ళు. పదకొండు ఇళ్ళవాళ్ళూ తామొక్కళ్ళమే తప్పు చేశామన్నారు. పదకొండు ఇళ్ళలోనూ ఆయన "ఊఁ" అన్నాడు.

మామగారు రోజూ అన్ని అంతస్తులూ ఎక్కి దిగడం చూసి కోడలు మురిసిపోయింది. "చూశారా, పంచదార మానేశాక మామయ్యకి ఎంత ఓపికొచ్చిందో" అని మొగుడితో అంది. మొగుడు తలూపాడు.

పోటీ రోజు పొద్దున్న ఆమె చాక్లెట్ల పళ్ళెం తుడిచి, మామగారి చొక్కా గుండీ సరిచేసింది.

"నాదని చూడకండి మామయ్యా. మిల్లులో పాకం చూసినట్టు చూడండి. నాకంతే చాలు."

ఆ ఒక్క మాట ఆయన్ని ఇరకాటంలో పెట్టింది. నిజం చెబితే కోడలు గెలుస్తుంది, ఇంట్లో టీ శాశ్వతంగా చప్పబడుతుంది, మిగతా ఇళ్ళలో టీలు అంతకుముందే ఆగిపోతాయి. చెప్పకపోతే ఈ పిల్ల కళ్ళకింద చారలకు ఆయన జవాబు చెప్పుకోవాలి. హాలు దాకా నడిచేసరికి ఇంకా తేలలేదు.

కింది హాల్లో పన్నెండు పళ్ళేలు. పేర్లు లేవు, అంకెలే. మేస్త్రీ కళ్ళజోడు పెట్టెలోంచి పాత గాజుముక్క తీశాడు. మొదటి పళ్ళెంలో చిన్న ముక్క గిల్లి, గాజు మీద వేసి బొటనవేలితో రుద్ది, కిటికీ వైపు పట్టాడు. మెరిసింది. రెండోది మెరిసింది. మూడోదాంట్లో పంచదార మిక్సీలో పొడిచేసి మరీ కలిపారు, అయినా మెరిసింది. అయిదోదాని మీద కంపెనీ పేరు గోకిన గుర్తుంది. అది అన్నిటికన్నా బాగా మెరిసింది. వరసగా చూసుకుంటూ వచ్చాడు. తొమ్మిదోది మెరవలేదు. ఖర్జూరం పీచు మాత్రం సన్నగా కనిపించింది.

బొటనవేలికి అబద్ధం అలవాటు లేదు. అది ముప్పై ఎనిమిదేళ్ళు చేసిన పనే చేసింది. ఆయన నోరు దాని వెంట వెళ్ళింది.

"తొమ్మిదోది. పంచదార లేనిది అదొక్కటే."

ఏ పళ్ళెం ఎవరిదని ఎవరూ అడగలేదు. అయినా ఆ హాల్లో పదకొండు కుటుంబాలు ఒక్కసారిగా భుజాలు తడుముకున్నాయి. "మాదాంట్లో లేదు!" "మేమసలు కొననే కొనం!" "చీమల కోసం అని చెప్పాను కదండీ!" అని పళ్ళ డాక్టరమ్మ గొంతు అన్నిటికన్నా పైకి లేచి, ఠక్కున ఆగింది.

అధ్యక్షులవారు గంట కొట్టారు. ఇలాంటి సున్నితమైన అంశాన్ని ఒక్క వ్యక్తి వేలికి వదిలేయరాదని, ప్రజాభిప్రాయం తీసుకోవాలని ఆదేశించారు. ప్రజలు తొమ్మిదో పళ్ళెంలో తలో ముక్క నోట్లో పెట్టుకున్నారు. తరవాత కాయితం నాప్‌కిన్లు చాల్లేదు.

వెంటనే అయిదుగురితో కమిటీ వేశారు. పదకొండు నిమిషాల్లో నివేదిక వచ్చింది. తొమ్మిదో పళ్ళెంలోని పదార్థం తిన్నవారి ముఖాలు వికారంగా మారినందున అది ఆరోగ్యకరం కాదు. తక్కినవి తిన్నవారు నవ్వారు. నవ్వు ఆరోగ్యానికి లక్షణం గనక అవి ఆరోగ్యకరం. న్యాయనిర్ణేత జీవితమంతా పంచదార మధ్య గడిపినందున ఎక్కడ చూసినా అదే కనిపించే జబ్బు ఆయనకుంది, సానుభూతి తెలుపుతున్నాం. పైగా తొమ్మిదోది ఆయన కోడలిదని ఇప్పుడే తెలిసింది. మొదటి బహుమతి అధ్యక్షులవారి సతీమణికి. సభ్యుల నోటికి కష్టం కలిగించినందుకు రెండో అంతస్తు ఇంటికి హెచ్చరిక.

ఇంటికొచ్చి కోడలు నేరుగా వంటగదిలోకి వెళ్ళింది. థర్మామీటరు కడిగి మందుల పెట్టెలో పెట్టింది.

"నిజంగా నాదొక్కదాంట్లోనే లేదా మామయ్యా?"

"ఊఁ."

"మీకు ముందే తెలుసా?"

మేస్త్రీ నేలకేసి చూశాడు. "పదకొండిళ్ళలో టీ తాగానమ్మా."

ఆమె ఆయన్ని చూసింది. కోప్పడుతుందనుకున్నాడు. పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. రెండు బొట్లు మిగిలిన చాక్లెట్ గిన్నెలో పడ్డాయి. ఎవరూ కంగారుపడలేదు.

"ఏమండీ, కొట్టుకెళ్ళి అరకిలో పంచదార పట్రండి" అంది మొగుడితో.

కొడుకు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. అటూ ఇటూ చూశాడు. తిరిగి వచ్చి, చెప్పుల స్టాండు వెనక పాత బూట్ల పెట్టెలోంచి విప్పిన పొట్లం ఒకటి తీసి, తల వంచుకుని బల్ల మీద పెట్టాడు.

"ఇదేమిటి?" అంది కోడలు.

"ఆఫీసుకి... ఆఫీసువాళ్ళకి..."

పదకొండు కాదు, పన్నెండు. మేస్త్రీ మనసులో లెక్క సరిపోయింది. టీ వచ్చింది. రెండు చెంచాలు. తాగాడు. కోడలు కూడా తాగింది.

మరుసటి ఏడు పోటీకి మేస్త్రీ జబ్బు నయమైందని పళ్ళ డాక్టరమ్మ రాసిచ్చింది. మళ్ళీ ఆయన్నే పెట్టారు. ఈసారీ కోడలికే తగిలిన తొమ్మిదో పళ్ళెం దగ్గర చాలాసేపు ఆగాడు. గాజు మీద రుద్ది వెలుతురుకి పట్టాడు. తన చేతి మీదుగా దిగిన పాకంలో కూడా అంత సమంగా కట్టిన పలుకు ఆయన చూడలేదు. జిగేలుమంది. మూల నుంచి కోడలు చూస్తోంది.

"ఇందులో పంచదార లేదు" అన్నాడు.

కమిటీ వేయలేదు. చప్పట్లు ఆగలేదు. మొదటి బహుమతి అందుకుంటూ కోడలు, "ఇదంతా మా మామయ్య చలవ" అంది. అధ్యక్షులవారు నిజాయితీ గురించి అరగంట మాట్లాడారు.

ఇప్పుడు ఆ భవనం గుమ్మానికి పెద్ద బోర్డు ఉంది: "ఇది పంచదార రహిత భవనం." కింద చిన్న అక్షరాల్లో దాత పేరుండే చోట ఎదురు కొట్టాయన పేరుంది. నిషేధం నాలుగు కాలాలపాటు చల్లగా ఉండాలని ఆయన మొక్కని దేవుడు లేడు. అలాంటి బోర్డులే ఇంకో నాలుగు రాయించి లోపల పెట్టుకున్నాడట, బస్తాల పక్కనే. మీ భవనానికి కావాలంటే అడగండి, ఊరికే ఇస్తాడు.

ఇప్పటికే ఉందంటారా? అయితే మరీ మంచిది. ఒక గ్లాసు టీ ఇప్పించండి. తేనెతోనే.