అడ్డచారల చదరము

సూర్యభగవానుడు కిటికీ ఊచల నడుమ నుండి తొంగిచూచి, బహువర్ణవస్త్రఖండసమ్మేళనమగు అతుకుల బొంతను గాంచి, ఇందులో తన రంగేదో తేల్చుకొనలేక తికమకపడుచున్న ఒక ఆదివారపు పూర్వాహ్ణమున, సోఫాలు గోడకు నెట్టబడిన నడిగది యను రణరంగమధ్యమున, ఒకానొక కోడలు గుండుసూదులు పెదవుల నడుమ బిగించి, మోకాళ్ళపై నిలిచి యుండెను.

ప్రతిపక్షమెవరందురా? మేడమీది అత్తగారు. జీవితమంతయు కుట్టుపని నేర్పిన పంతులమ్మ. ఈ కోడలు కుట్టిన గలేబులు, కర్టెన్లు, చేతిసంచులు, వేనినీ విప్పక విడువని ప్రచండకర్తరీధారిణి. "బాగానే ఉందమ్మా, అంచొక్కటి నేను సరిచేస్తాలే" అను ఆ మెత్తని మాట కోడలి గుండెలో ములుకై దిగియుండెను. ఈ బొంత చలికి కొంకర్లు పోవు ఆ అత్తగారి కాళ్ళ కొరకే. దీనినైనను విప్పకుండ కప్పుకొనజేయుదునని కోడలి భీషణశపథము.

ప్రథమయత్నమున బొంతకు అంచుగా రంపపుపళ్ళవంటి ముక్కోణపు ముక్కల సేనను నలువైపుల మోహరించెను. అవి మూడు మూలల మర్యాదగా మలుపు తిరిగి, నాలుగవ మూలయందు ముక్కులు ఢీకొని నిలిచెను.

ద్వితీయయత్నమున నలుపుతెలుపు గళ్ళ వ్యూహము పన్నగా, కాఫీ చేతబట్టి వచ్చిన మగడు, "దీని కింద పడుకుంటే కలలో కూడా కళ్ళు తిరుగుతాయే" అని మెల్లగా జారుకొనెను.

తృతీయయత్నమున, బొంత అంచును టేపుతో కొలిచి, అంతే పొడవున నీలిపట్టీ కుట్టగా, అది కెరటమువలె లేచి పడసాగెను. ఒకచోట అదిమిన మరొకచోట లేచును. ఆ వీరవనితకు ఏడుపు వచ్చెను. ఏడువలేదు, నోట సూదులుండెను.

విసుగున అంచును పట్టి లాగెను. సాగెను. చేయి పడిన కొలది సాగిపోయిన అంచును నమ్మి కొలుచుటయే తన తప్పని, సాగని నడిబొంతను కొలువవలెనని అప్పుడు బోధపడెను. పట్టీ విప్పి, కురచజేసి, మూలమూలకొక చారల చదరము నిలిపి కుట్టగా, బొంత నేలను కరచుకొని కదలక మెదలక పరుచుకొనెను.

అంతట మెట్లపై అడుగుల చప్పుడు. అత్తగారు చిన్నకత్తెర చేతబూని దిగివచ్చి, బొటనవ్రేలితో అంచంతయు తడిమెను.

"కొలత ఎక్కడ తీశావు?"

"మధ్యలో, అత్తయ్యా."

కత్తెర ఆగెను. నాలుగవ మూల కడ మరల నోరు తెరచెను.

"ఈ ముక్క చారలు అడ్డం తిరిగాయమ్మా. ఇదొక్కటి నేను విప్పి కుడతాలే."

కోడలు, "ఓ సూచీశాస్త్రపారంగతా, సమస్తసీవనచ్ఛేదినీ, నా నడుము విరిగినను, నా వ్రేళ్ళు చిల్లులు పడినను, ఈ చదరమును కదలనీయను; ఈ అడ్డచారలు నా చేవ్రాలు" అని ఘోషింప సంకల్పించెను గాని, నోట వెలువడినది ఇంతే.

"వద్దులెండి అత్తయ్యా. అలాగే ఉండనివ్వండి."

అత్తగారు కోడలిని తేరిపార చూచెను. ఇన్నేండ్లలో ఆ నోట 'వద్దు' అను మాట వినుట ఆమెకిదే మొదలు. కత్తెర బల్లపై పెట్టి, కుర్చీలో కూర్చుండి, బొంతను మోకాళ్ళపైకి లాగుకొనెను.

"గుండుసూదులన్నీ తీశావా?"

"తీశానండి."

"తియ్యలేదు" అని అత్తగారు తొడక్రింది నుండి ఒక సూదిని పెరికి కోడలి చేతికిచ్చి, మరల కాళ్ళు కప్పుకొనెను.

సకలదిగంతవాసులారా, తెలియుడు: ఆ దినమున ఆ యింట, కోడలు కుట్టిన అంచొకటి, అరచేతి వెడల్పు అడ్డచారలతో సహా, ఒక్క కుట్టయినను ఊడక సాయంకాలము వరకు నిలిచెను.