వంకర క్యూపై పెద్ద నర్సు దండయాత్ర

సహస్రకిరణుడు ఆసుపత్రి నీళ్ల ట్యాంకు భుజమెక్కి భూలోకాన్ని పెనంలా కాలుస్తున్న వేళ, ఫినాయిలు పరిమళ పరివ్యాప్తమైన ఓపీ హాలనే మహారణరంగాన, శ్వేతవస్త్ర కవచధారిణి, సూదిమందు ప్రయోగ విశారద, ఇద్దరు పిల్లల తల్లి, ఆసుపత్రి నిర్వహణలో పీజీ చదువుతున్న పెద్ద నర్సు నడుము మీద చేతులుంచి శత్రుసైన్యాన్ని పరికించింది.

శత్రువు మరెవరో కాదు, మందుల కౌంటరు ముందరి క్యూ. ఆ మహాసర్పం కౌంటరు వద్ద తల ఆనించి, హాలు నడిమికి మెలిక తిరిగి, రక్తపరీక్షల గది గుమ్మానికి అడ్డంగా తోక పరచుకొని ఉంది. దాన్ని గోడ వెంట తిన్నగా నిలపడమే ఆమె ప్రాజెక్టు. పోయినసారి అందులోనే తప్పింది. ఈసారీ తప్పితే మరో ఏడాది వంటింటి గట్టు మీద, కూరగాయల తొక్కల నడుమ చదువు. పదకొండింటికి పరీక్షించడానికి గైడు మేడమ్ వస్తోంది.

పొద్దున క్యారేజీ మూత బిగిస్తూ భర్త అన్న మాట ఇంకా శంఖనాదంలా చెవుల్లో మోగుతోంది. "బాత్రూమ్ ముందు మన పిల్లలిద్దర్నే వరసగా నిలబెట్టలేవు. అక్కడ ఊరందర్నీ నిలబెడతావా తల్లీ?"

పసుపుపచ్చ బాణాస్త్రాలు నేలకంటించింది. జనం వాటి మీద సంచులు పెట్టుకున్నారు. పాఠ్యగ్రంథోక్త విధానాన నాగపాశం వంటి తాడు కట్టింది. ఎవరో తడి తువ్వాలు ఆరేశారు. చేయి పట్టి ఒక్కొక్కరినీ గోడకు చేర్చింది. పల్లానికి నీళ్లలా మళ్లీ నడిమికే వచ్చారు.

చివరకు హాలు మధ్య నిలిచి ఎలుగెత్తింది. "ఓ రోగులారా, రోగబంధువులారా, ఋజుమార్గమే ఆరోగ్యమార్గం. గోడను ఆశ్రయించండి."

ముందున్న మామ్మ తాపీగా అడిగింది. "మమ్మల్ని గోడకి తోలి, నువ్వు మాత్రం ఇక్కడే నిలబడ్డావేమే అమ్మాయ్?"

పెద్ద నర్సు నుదురు తుడుచుకోబోయింది. చెమట ఎప్పుడో ఆరింది. కొంగు రెపరెపలాడుతోంది. తలెత్తి చూసింది. హాల్లోని నాలుగు ఫ్యాన్లలో తిరిగే ఏకైక వీరుడు సరిగ్గా ఆమె నెత్తి మీదున్నాడు.

అంతే, ప్రళయమారుత వేగంతో సూపరింటెండెంటు గదిలో దూరి, మూలనున్న స్టాండు ఫ్యానును పెళ్లికూతుర్ని చేపట్టినట్టు చేపట్టింది.

"మరి నాకో?" అన్నాడాయన దీనంగా.

"మీకు ఏసీ ఉందిగా సార్."

ఫ్యాను గోడ పక్కన కొలువుతీరింది. హాలు నడిమి ఫ్యాను స్విచ్చి ఆమె కట్టేసింది. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఆ మహాసర్పం మెలికలు విప్పుకొని, గోడ వెంట గీత గీసినట్టు నిలిచింది. పదకొండింటికి వచ్చిన గైడు మేడమ్ అటూ ఇటూ చూసి, తానూ ఆ గాలి తగిలే చోటే నిలబడి మార్కులు వేసింది, పాస్.

పెద్ద నర్సు ఇంటికి ఫోన్ చేసి, పడగ్గదిలోని టేబులు ఫ్యాను బాత్రూమ్ పక్క గోడ దగ్గర పెట్టమని భర్తను ఆజ్ఞాపించింది.

లోకులారా, వినుడు! ఆ దినాన రక్తపరీక్షల గదిలోని ల్యాబు టెక్నీషియన్, చేత సీసాల పళ్లెంతో, ఎవరినీ "కాస్త జరగండి" అనకుండా గుమ్మం దాటి బయటికి నడిచాడు.