కళ్ళు తెరిచి నిద్రపోయే విద్య

నిద్ర చెడ్డ అలవాటు! ఇన్నాళ్ళూ ఈ మాట ధైర్యంగా చెప్పేవాళ్ళు లేకపోయారు. చివరికి మా అల్లుడు పనిచేసే బస్సు డిపో వాళ్ళు చెప్పారు. ముందుగా వాళ్ళకు నా నమస్కారం.

అల్లుడు దూరప్రయాణాల బస్సు నడుపుతాడు. ఈమధ్య స్టీరింగ్ ఎదురుగా పిడికిలంత యంత్రం ఒకటి బిగించారు. దానికి ఒకటే కన్ను. ఆ కన్ను డ్రైవర్ కళ్ళనే చూస్తూ ఉంటుంది. రెప్ప రెండు సెకన్లు వాలిందా, బజర్ మోగుతుంది, సీటు కింద మోటారు గజగజ వణుకుతుంది, డిపోలో ఒక మార్కు పడుతుంది. మూడు మార్కులు పడితే విచారణ, ఆ తర్వాత సస్పెన్షన్. డ్రైవర్లు దానికి గుడ్లగూబ అని పేరు పెట్టారు. మంచి చేసినవాళ్ళకు లోకంలో దక్కేది ఇదే!

నేను మాత్రం గుడ్లగూబ పక్షం. ఎందుకో చెప్పాలంటే కొంచెం సైన్సు చెప్పాలి, భయపడకండి. ముప్పై ఏళ్ళు కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో ఎలుకల మెదడు అలల్ని కాగితం మీదికి ఎక్కించినవాణ్ణి. ఆమాత్రం హక్కు నాకుంది.

మెలకువగా ఉన్న ఎలుక మెదడు సంతలాంటిది. ఎవరి గోల వాళ్ళది. కాగితం మీద గీతలు చిన్నవిగా, గబగబా, ఒకదానికొకటి పొంతన లేకుండా పడతాయి. అదే ఎలుక గాఢనిద్రలోకి జారుకుందా, గీతలు పెద్దవవుతాయి, నెమ్మదిస్తాయి, అందరూ కలిసి ఒకే ఊయల ఊపుతున్నట్టు లేచి పడతాయి. అప్పుడు ల్యాబులో మేం చెప్పులు విడిచి నడిచేవాళ్ళం.

మరి ఎలుకను పడుకోనివ్వకపోతే? తమాషా అంతా అక్కడే ఉంది! అది కళ్ళు తెరిచే ఉంటుంది. తిరుగుతుంది, మీసాలు కదుపుతుంది. కానీ మెదడులో ఓ మూల కొన్ని కణాలు చెప్పాపెట్టకుండా దీపం ఆర్పేసుకుంటాయి. అవి లేచేసరికి ఇంకో మూల ఆరిపోతుంది. చూసేవాడికి ఎలుక నిక్షేపంగా మెలకువగా ఉన్నట్టే! గింజ అందుకోబోయి పక్కనున్న గాలిని అందుకున్నప్పుడు గానీ తెలియదు.

గుడ్లగూబ చూసేది రెప్పల్ని. రెప్పల వెనక ఏ దీపం వెలుగుతోందో, ఏది ఆరిందో దానికెందుకు? రెండు మార్కులు పడగానే మా అల్లుడికి ఈ రహస్యం బోధపడింది. ఇప్పుడు రెప్ప వాల్చడు. ఆమధ్య భోజనాల బల్ల దగ్గర, చెంచా చేతిలో పట్టుకుని, గుడ్లు మిటకరించుకుని కూర్చున్నాడు. మా అమ్మాయి రెండుసార్లు పిలిచింది.

"నాన్నా, ఈయన మెలకువగానే ఉన్నారంటావా?"

"కళ్ళు తెరిచే ఉన్నాయి కదమ్మా."

"కళ్ళ సంగతి ఎవరడిగారు? ఏదన్నా మాట్లాడించి చూడు."

"బాబూ, కూరలో ఉప్పు సరిపోయిందా?" అన్నాను.

"వెనక డోర్ నుంచి దిగండి మామయ్యా," అన్నాడు, ఎంతో మర్యాదగా.

చూశారా ఎంత ఎదుగుదలో! ఏళ్ళ తరబడి సాధన చేసినా అబ్బని విద్య, డిపో వాళ్ళు రెండు మార్కుల్లో నేర్పించేశారు.

ఇంకో మేలు చెబుతాను. ఆ డిపోలో ఒకప్పుడు డ్రైవర్ల గది ఉండేది. నాలుగు మంచాలు, ఒక ఫ్యాను, కిటికీకి అడ్డంగా పాత దుప్పటి. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య అక్కడ ఓ నాలుగు గంటలు నడుం వాల్చేవాళ్ళు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని పెద్దలు అననే అన్నారు. మరి మంచాలు దేనికి? తీసేశారు. మంచాలు పోయాక ఆ నాలుగు గంటల్ని తీసేయడం పెద్ద కష్టం కాలేదు. ఇప్పుడు ఆ గదిలో నాలుగు కంప్యూటర్ తెరలు పెట్టారు. ఏ డ్రైవర్ ఎక్కడ కునుకుతున్నాడో ఇద్దరు మనుషులు అక్కడే కూర్చుని చూస్తారు. ఫ్యాను తెరల వైపు తిప్పారు. పాపం, ఆగకుండా పనిచేస్తే వేడెక్కిపోతాయట!

మా ఆవిడ ఉన్న రోజుల్లో నేను పేపరు చదువుతూ కునికితే, కళ్ళజోడు మెల్లగా తీసి, మడిచి, పక్కన పెట్టేది. లేచాక వెతుక్కుంటూ విసుక్కునేవాణ్ణి కూడా. బజర్ లేదు, మార్కు లేదు. అంత వెనకబడిన కాలం అది.

సరే, పోయిన నెల అల్లుడికి మూడో మార్కు పడింది. సెలవు లేకుండా పన్నెండో రోజు, ఆ రోజు డ్యూటీలో పదహారో గంట, నేర్చిన విద్య అక్కడ చాలలేదు. విచారణకు రమ్మని కాగితం వచ్చింది. ఉద్యోగం ఊడుతుందని మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనేం చేయగలను? నాకు చేతనైన పని ఫారాలు నింపడం.

మా ల్యాబులో ఏ జంతువు మీద ప్రయోగం చేయాలన్నా ముందు జంతు సంరక్షణ కమిటీ అనుమతి కావాలి. ఎన్ని గంటలు మేల్కొలిపి ఉంచుతారు, ఎలా లేపుతారు, అన్నీ రాయాలి. అల్లుడి గురించి అలాంటి ఫారమే ఒకటి నింపి ఆ కమిటీకి పంపాను. "జంతువు: క్షీరదం. మగ. ఒకటి. ఉంచే చోటు: అద్దాల పెట్టె. మెలకువ: రోజుకు పదహారు గంటలు, పన్నెండు రోజులు, మధ్యలో నడుం వాల్చే వీలు లేదు. లేపే పద్ధతి: చెవి దగ్గర బజర్, ఒంటి కింద వణుకు." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. "ఇది క్రూరత్వం. అనుమతి నిరాకరించడమైనది. సదరు జంతువును వెంటనే విశ్రాంతికి తరలించవలెను."

ఆ కాగితం పట్టుకుని అల్లుడి వెంట విచారణకు వెళ్ళాను. బయట బల్ల మీద గంటసేపు కూర్చోబెట్టారు. అల్లుడు నా భుజం మీద తల వాల్చి, కళ్ళు మూసుకుని, పాతకాలపు పద్ధతిలో నిద్రపోయాడు. వాచ్‌మన్ అది చూసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు. అతని మీద నేను ఫిర్యాదు చేయలేదు.

లోపల మేనేజర్ నా కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"పెద్దాయనా, ఇది జంతువులకు కదండీ?"

"అవునండీ."

"ఈయన స్టాఫ్. స్టాఫ్‌కి ఇలాంటివి వర్తించవు. ఎలుకకి నిద్ర లేకపోతే మీ పరిశోధన పాడవుతుంది, ఒప్పుకుంటాను. డ్రైవర్‌కి నిద్ర లేకపోతే ఏం పాడవుతుంది, మీరే చెప్పండి?"

అల్లుడు కళ్ళు నులుముకుంటూ అన్నాడు.

"నలభై రెండు సీట్లు సార్."

మేనేజర్ పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. నిజంగానే ఆలోచించాడండీ, నేను చూశాను.

తర్వాత తీర్పు చెప్పాడు. సస్పెన్షన్ లేదు! నేను దండం పెట్టబోయాను. "సస్పెండ్ చేస్తే ఇంట్లో హాయిగా పడుకుంటాడు. నిద్రపోయినవాడికి నిద్రే బహుమతిగా ఇస్తే మిగతావాళ్ళు ఏం నేర్చుకుంటారు?" అన్నాడు. అందుకని ఈ నెలలో మిగిలిన రెండు సెలవులూ రద్దు. మర్నాడు పొద్దున్నే డ్యూటీ.

ఇక ఆ నలభై రెండు సీట్లంటారా, మంచి సూచన అని మెచ్చుకుని, అక్కడికక్కడే ఆర్డర్ రాసేశాడు. వచ్చే నెల నుంచి ప్రయాణికుల సీట్ల కింద కూడా మోటార్లు బిగిస్తారట. మీరు ఎప్పుడైనా ఆ బస్సెక్కి, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నప్పుడు సీటు వణికితే విసుక్కోకండి. బస్సులో ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి కదా!