కొరికిన రొట్టెకై చూనదీ లంఘనము

హిమకిరీటధారులైన అలతావు పర్వతరాజములు వసంతసూర్యునికి శిరములు వంచి నిలిచిన వేళ, చూనదీతీరమందలి ఆపిల్ తోటలు పుష్పభారమున ఊగుచుండగా, బిష్కెక్ నగర వీథులలో మినీబస్సులు శంఖములవలె మొరయుచుండగా, పోలండు దేశోద్భవుడు, గోధుమకేశుడు, దీర్ఘజంఘుడు, చోల్పోన్ సుందరీ హృదయచోరుడు అగు లెషెక్ అను వీరుడు నిద్ర లేచి, పాస్‌పోర్టు తెరిచి చూచి, మంచముపైననే కూలబడెను.

ఏలననగా కిర్గిజ్ ప్రభుత్వము అతనికి దయతో ఇచ్చిన గడువు ఆనాటితో తీరిపోవుచున్నది. అతడు బ్రహ్మచారియే అని తెలుపు పత్రము పోలండునుండి నత్తనడకన వచ్చుచున్నది. అది రానిదే పెళ్ళి లేదు, పెళ్ళి కానిదే నివాసానుమతి లేదు. గడువు మీరి ఒక్క దినము నిలిచినను దేశబహిష్కారము, ఆపైన చోల్పోన్ ముఖమును ఫోనులో చూచుకొని ఏడ్చుటయే గతి. ఆ కాలపు చట్టమున మిగిలిన త్రోవ ఒక్కటే: ఎల్లయైన చూనదిపై వంతెన దాటి కజకుల నేలపై కాలు మోపి, మరల వచ్చి కొత్త ముద్ర వేయించుకొనవలెను.

ప్రియురాలి ఇంటికి పరుగున పోయి సంగతి చెప్పి కదలబోవుచుండగా, కాబోయే అత్తగారు తోక్తోబుబు గడపకు అడ్డముగా నిలిచెను. పెళ్ళయ్యేదాకా అల్లుడా అని పిలిచేది లేదని, అంతవరకు అతడు వచ్చిపోవు చుట్టమేనని ఆ మహాతల్లి ఏనాడో తేల్చి చెప్పియుండెను. ఆమె చేత గుండ్రని వేడి రొట్టె; దూరమేగువాడు కొరికి విడిచిన రొట్టె అతనిని మరల ఇంటికి రప్పించునని కిర్గిజుల నమ్మకము.

“ఓ ముక్క కొరికి వెళ్ళు బాబూ. మిగతాది గోడకి వేలాడదీస్తా. తిరిగొచ్చి నువ్వే తినాలి, ఇంకెవరూ ముట్టుకోరు.”

“మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానండీ.”

“మా ఆయనా సైన్యానికి వెళ్తూ అలాగే అన్నాడు. రెండేళ్ళకొచ్చి టీలో నానబెట్టుకు తిన్నాడు. కొరుకు.”

వీరుడు కొరికెను. చోల్పోన్ నవ్వాపుకొనలేక తలగుడ్డ చెంగు నోట కుక్కుకొనెను.

వంతెన దాటుట ఎంతసేపు? కజక్ అధికారి ముద్ర వేసినంతనే వీరుడు ఆ నేలపై ఒక ఐస్‌క్రీము తిని, ఆ ప్రవాసము చాలునని వెనుదిరిగెను. అసలు సంగ్రామము తిరుగుత్రోవలో కాచుకొనియుండెను. పరదాల మూటలతో, దుప్పట్ల కట్టలతో, గళ్ళసంచులతో కిక్కిరిసిన ఆ వరుసలో పెద్దలు వచ్చినచో చిన్నలు చోటు విడువవలెనన్నది కిర్గిజుల మర్యాద. అక్కడి కుర్రకారు ఫోనులలో తలలు దూర్చి ఎవరూ కనబడనట్లు నటించుచుండగా, అత్తగారి మెప్పుకై తపించు మన వీరుడొక్కడే ఆ మర్యాదను భుజాన వేసుకొనెను. ఫెల్టుటోపీ తాతకు చోటిచ్చెను, మోకాళ్ళనొప్పుల అవ్వకు చోటిచ్చెను, ఆమె చెల్లెలికిచ్చెను, చెల్లెలి వియ్యపురాలికిచ్చెను. నలుగురి వెనుక నిలిచినవాడు మధ్యాహ్నమునకు నలభైమంది వెనుక తేలెను.

“ఓ పలితకేశ మహావాహినీ, అంతులేని వార్ధక్య జలధీ! నీలో ఒక్క అలయైనను నాకంటె చిన్నది కాదా? గోడన వ్రేలాడు నా రొట్టె ఎండుచున్నది, నా గడువు కరుగుచున్నది, కనికరింపుము!” అని అతని అంతరంగము ఘోషించెను. నోరు మాత్రము “రండి అవ్వా, ముందు మీరు” అనెను.

ఈసారి అతడు పిలిచిన అవ్వ పేరు జుమాగుల్, పరదాల వ్యాపారి. ఆమె ముందుకు పోక అతనిని ఎగాదిగా చూచెను.

“పొద్దున నేను అటు వెళ్ళేటప్పుడూ ఇక్కడే నిలబడ్డావు కదయ్యా. సరుకు కొన్నాను, తిన్నాను, తిరిగొచ్చాను. నువ్వేమో ఇంకా వెనక్కి పోయావు. ఇల్లు చేరాలని లేదా?”

వీరుడు కళ్ళనీళ్ళ పర్యంతమై తన కథ చెప్పెను. అవ్వ పొట్ట పట్టుకొని నవ్వి, తన గళ్ళసంచిని అతని భుజమున మోపెను.

“నేను పెద్దదాన్ని, ముందు వెళ్తాను. నా సంచి నాతో రావాలి. సంచి మోసేవాడు సంచితో రావాలి. పద.”

ఆ శాస్త్రమునకు తిరుగెవరు చెప్పగలరు? వరుస రెండుగా చీలెను. సంచిధరుడై లెషెక్ గాజుకిటికీ ముందర నిలిచెను. లోపలి కుర్ర కిర్గిజ్ అధికారి పాస్‌పోర్టు తిప్పి కనుబొమలు ముడిచెను.

“పొద్దున వెళ్ళి అప్పుడే తిరిగొచ్చావా? ఏం పని ఇక్కడ?”

వీరుడు దారిపొడవునా వల్లించుకొన్న జవాబు కాస్తా మరచెను.

“రొట్టె సగంలో ఉందండీ.”

అధికారి చేయి ఆగెను. “ఎవరు కొరికించారు?”

“చోల్పోన్ వాళ్ళమ్మగారు.”

ముద్ర దభీమని పడెను. “త్వరగా వెళ్ళు. గట్టిపడిపోతుంది.”

సాయంకాలము ఆ ఇంట మేకునుండి దిగిన రొట్టె అట్టవలె బిగిసియుండెను. వీరుని పంటిగుర్తు చెక్కుచెదరలేదు. అతడు దవడలు నొప్పిపుట్టునంతగా నమలుచుండగా తోక్తోబుబు చివరి తునక దాకా రెప్పవేయక చూచి, గిన్నెలో వేడి టీ వంచెను.

“నానబెట్టుకో, అల్లుడూ.”

చోల్పోన్ వంటింటి గుమ్మమున నిలిచి ఈమారు నవ్వలేదు, ఏడ్చెను. దిక్కులు వినుగాక, అలతావు శిఖరములు వినుగాక, పోలండు పత్రములు ఎక్కడున్నను వినుగాక: లెషెక్ వీరుడు రొట్టె మొత్తము తినెను.