పాస్టర్ గారి చేతివాటం

గురువారం పొద్దున ఆర్డిస్ హౌగ్స్‌రూడ్ వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. కాఫీ తాగాలి. తమ్ముడు డెల్మర్‌ను వెంటబెట్టుకుని మార్లిస్ ఎరల కొట్టుకు వెళ్ళాలి. చర్చి కౌన్సిల్ తరఫున పాస్టర్ గారి కోసం, మంచు మీద చేపలు పట్టడానికి గాలం దారం చుట్టే రీలు ఒకటి కొనాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ రీలును అందరి ముందూ ఆయన చేతిలో పెట్టేదాకా విషయం బయటికి పొక్కకూడదు.

ఆ ఆదివారం మామూలు ఆదివారం కాదు. పాస్టర్ రూబెన్ ట్రెవిన్యో మంచు ఎరుగని టెక్సస్ దక్షిణపు కొస నుంచి, ఒక్క ఏడాదికని ఒప్పుకుని ఔల్ లేక్ వచ్చారు. ఉండేదీ వెళ్ళేదీ ఆ రోజే చెప్పాలి. ఔల్ లేక్‌లో పాస్టర్లు నిలవరు. సరస్సు గడ్డకట్టే ముందు వస్తారు, కరగగానే వెళ్ళిపోతారు. కిందటాయన హాల్‌బర్గ్‌కు కూడా చర్చి కౌన్సిల్ ఒక రీలు ఇచ్చింది. అది మామూలు రీలు. దారం మెలికలు పడి, మంచు కన్నంలోకి దించిన ఎర బొంగరంలా గిరగిరా తిరిగేది. చేపలు వచ్చి, కాసేపు వింతగా చూసి, వెళ్ళిపోయేవి. చలికాలమంతా బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని, వసంతం రాగానే హాల్‌బర్గ్ కూడా చేపల దారే పట్టాడు.

"దారం తిన్నగా దిగే రీలు కొనుంటే ఆయన ఇవాళ్టికీ ఇక్కడే ఉండేవాడు," అన్నాడు డెల్మర్, అక్క వంటింట్లో మూడో కప్పు కాఫీ వంపుకుంటూ. అతను స్కూలు బస్సు నడుపుతాడు. మిగతా సమయమంతా మంచు మీదే. "ఇన్‌లైన్ రీలు కొనమని ఆరోజే మొత్తుకున్నాను. నా మాట ఎవరు విన్నారు?"

"నువ్వు మొత్తుకున్నది రీలు గురించి కాదురా, హాల్‌బర్గ్ ప్రసంగాలు పొడుగని."

"రెండూ చెప్పాను."

కొట్లో మార్లిస్ బల్ల మీద రీళ్ళు వరసగా పెట్టింది. చిన్న బండి చక్రాల్లా ఉన్నాయి. ఒకదాని మీట నొక్కి, దారం కొనకు కట్టిన ఎరను నేల దాకా వదిలింది. ఎర తిన్నగా దిగి, కాస్త కూడా తిరగకుండా నిలబడింది. డెల్మర్ దాన్ని మనవణ్ణి చూసినట్టు చూశాడు.

"ఇంతకీ పాస్టర్ గారిది ఏ చేతివాటం?" అంది మార్లిస్.

"అంటే?"

"కుడిచేతివాటం వాళ్ళు గాలం కర్ర కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో పిడి తిప్పుతారు. వాళ్ళకి పిడి ఎడమవైపున్న రీలు కావాలి. ఎడమచేతివాటమైతే కుడివైపున్నది కావాలి."

"కుడివాళ్ళకి ఎడమది, ఎడమవాళ్ళకి కుడిదా? ఎవడు పెట్టాడే ఈ పద్ధతి?"

"నేను కాదు. నేను అమ్ముతానంతే. ఒక్క మాట ఆర్డిస్ అక్కా, దారం చుట్టించాక మళ్ళీ వెనక్కి తీసుకోను. ముందు తేల్చుకుని రండి."

అక్కాతమ్ముళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఏడాదిగా ఆయన ప్రసంగాలు వింటున్నారు, ఆయన చేతి రొట్టె తింటున్నారు. ఆయనది ఏ చెయ్యో ఇద్దరికీ గుర్తు లేదు.

"అది నాకొదిలెయ్యక్కా," అన్నాడు డెల్మర్. "ఎవరికీ అనుమానం రాకుండా కనుక్కుంటాను."

చర్చి డబ్బు లెక్కలు చూసే ఎల్వుడ్ ఆ వేళప్పుడు హోటల్లో గుడ్లు తింటూ ఉంటాడు. డెల్మర్ వెళ్ళి అతని ఎదురుగా కూర్చుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"బావా, చందా పళ్ళెం తిప్పేటప్పుడు నువ్వు పాస్టర్ గారి పక్కనే ఉంటావు కదా. ఆయన చేతివాటం ఎప్పుడన్నా గమనించావా?"

ఎల్వుడ్ చేతిలో ఫోర్కు గాల్లోనే ఆగిపోయింది. "చేతివాటమా? మన పాస్టర్ గారికా?"

"అందరికీ ఏదో ఒకటి ఉంటుందిగా. ఆదివారంలోగా తేల్చమంది కౌన్సిల్. ఎవరితోనూ అనకు."

ఎల్వుడ్ ఎవరితోనూ అనలేదు, ఒక్క భార్యతో తప్ప. ఆవిడా ఎవరితోనూ అనలేదు, పాటల బృందంతో తప్ప. సాయంత్రానికల్లా, పాస్టర్ గారు చందా డబ్బులు నొక్కేస్తున్నారన్న విషయాన్ని ఊరంతా పరమ రహస్యంగా దాచుకుంది.

మర్నాడు చర్చి నేలమాళిగలో శుక్రవారం సూప్ విందు. పాస్టర్ గారు వచ్చేసరికి చందా పెట్టెకు కొత్త తాళం వేలాడుతోంది. వంటింట్లో పాటల బృందంవాళ్ళు చెంచాలు లెక్కపెడుతున్నారు. ఆయన్ని చూడగానే అందరూ మాటలు ఆపి, ఒక్కసారిగా ఆయన చేతుల వంక చూశారు.

"ఏమిటమ్మా, చేతులకి ఏమన్నా అంటిందా?" అన్నారాయన నవ్వుతూ.

"అంటిందో లేదో మీకే తెలియాలి," అంది ఎల్వుడ్ భార్య, వెండి గరిటెను ఆప్రాన్ కింద దూరుస్తూ.

ఇక్కడ ఆర్డిస్ తన పరీక్ష మొదలుపెట్టింది. గది ఆ చివర నుంచి, "పాస్టర్ గారూ, పట్టుకోండి!" అని కేకేసి ఒక నారింజపండు విసిరింది. ఆయన ఒక చేతిలో సూప్ గిన్నె ఉంది, రెండో చేతిలో రొట్టె ఉంది. నారింజ ఆయన గడ్డానికి తగిలి సూప్‌లో పడింది. అక్కడి నుంచి సూప్ ఆయన చొక్కా మీదికి వచ్చింది.

"క్షమించండి, చెయ్యి జారింది," అంది ఆర్డిస్.

ఆయన చొక్కా తుడుచుకుంటుండగా డెల్మర్ కాగితమూ కలమూ పట్టుకొచ్చాడు. "ఇక్కడో సంతకం పెడతారా?"

"దేనికి?"

డెల్మర్ అంతదాకా ఆలోచించలేదు. "ఊరికే. గుర్తుగా ఉంటుందని."

పాస్టర్ గారు కలం అందుకున్నారు. అంతలో వంటింట్లోంచి ఎవరో, "చెంచా ఒకటి తగ్గిందే!" అని అరిచారు. అందరూ అటు తిరిగారు, డెల్మర్ కూడా. చెంచా దొరికి అతను మళ్ళీ ఇటు తిరిగేసరికి పాస్టర్ గారు చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు. కాగితం బల్ల మీద ఖాళీగా ఉంది.

చొక్కా మార్చుకుని వస్తూ ఆయన వంటింటి తలుపు దగ్గర ఆగిపోయారు. లోపల అక్కాతమ్ముళ్ళ మాటలు వినపడుతున్నాయి.

"నిన్నట్నుంచీ వెనకాలే తిరుగుతున్నానక్కా. ఆయన చేతివాటం పట్టుబడటం లేదు!"

"మొహం మీదే అడిగేస్తే పోలా?"

"అడిగితే ఆదివారం మనం చేయబోయేది ముందే తెలిసిపోదూ?"

"పోనీ అలాగే కానిద్దాం. తర్వాత సరిపడకపోతే మాత్రం వెనక్కి పంపడం కుదరదు. పోయినసారి మెలికలతో పడ్డ పాట్లు చాలు. ఈసారి తిన్నగా ఉండాలి."

పాస్టర్ గారికి చందా పెట్టె కొత్త తాళమూ, లెక్కపెట్టిన చెంచాలూ గుర్తొచ్చాయి. ఆయనకు ఈ ఊరంటే ఇష్టం ఏర్పడింది. చలికి ఏడుపొచ్చిన రోజులున్నాయి గానీ, ఆయన కారు మంచులో కూరుకుపోయిన ప్రతిసారీ పిలవకుండానే ఎవరో ఒకరు పార పట్టుకుని వచ్చేవారు. ఉండిపోదామనే అనుకుని, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు కూడా కొనుక్కున్నారు. ఇంత మంచివాళ్ళు తనను దొంగ అనుకుంటున్నారు! ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు.

శనివారం మార్లిస్ కొట్టు మూసేవేళకు ఆర్డిస్ తెగించింది. "లోకంలో ఎక్కువమంది కుడిచేతివాళ్ళే. చుట్టేయవే," అంది. మార్లిస్ దారం చుట్టేసింది.

ఆదివారం పాస్టర్ గారు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని చర్చిలోకి వచ్చారు. జేబుల్లో చేతులతోనే ప్రసంగించారు. పుస్తకం పేజీలు తిప్పడానికి పాటల బృందంలోంచి ఒకావిణ్ణి పిలిచారు. చందా పళ్ళెం దగ్గరికి వస్తుంటే, పాము వస్తున్నట్టు గోడ దాకా వెనక్కి జరిగారు. దీవెన కూడా తల ఊపి ఇచ్చారు.

"రెండు చేతులూ దాచేశాడక్కా," అని గుసగుసలాడాడు డెల్మర్. "రెండు చేతులదీ వాటం ఉన్నట్టుంది."

ముందు వరసలోంచి అది విన్న ఎల్వుడ్ పళ్ళెం వదిలేశాడు. నాణాలు బల్లల కింద చర్చంతా దొర్లాయి. వాటి కోసం అందరూ వంగారు, ఒక్క పాస్టర్ గారు తప్ప.

దొరికినవి దొరికాక ఆర్డిస్ రంగుకాగితం చుట్టిన పెట్టెతో లేచి నిలబడింది. ఆవిడ నోరు విప్పేలోగా పాస్టర్ గారు ముందుకొచ్చారు.

"మీరు చెప్పేదాకా ఎందుకండీ, నేనే చెబుతాను. నా చేతివాటం మీద మీ అందరికీ అనుమానం ఉందని తెలిసింది. ఏడాదిలో ఒక్క సెంటు ముట్టుకోలేదు నేను. కావాలంటే చూసుకోండి!" అని జేబులు రెండూ బయటికి లాగారు. చేతులు వెచ్చబరుచుకునే పొట్లాలు రెండు, దగ్గుబిళ్ళలు, ఒక వెండిరంగు కలం నేల మీద పడ్డాయి.

"అది డెల్మర్ కలం!" అని అరిచింది ఎల్వుడ్ భార్య.

పాస్టర్ గారు ఆ కలాన్ని చూసి పాలిపోయారు. అది తన జేబులోకి ఎలా వచ్చిందో ఆయనకు నిజంగానే గుర్తు లేదు.

"నేనే ఇచ్చానమ్మా తల్లీ!" అన్నాడు డెల్మర్ కంగారుగా లేచి. "ఏ చేత్తో రాస్తారో చూద్దామని!"

"ఏ చేత్తో రాస్తే నీకెందుకు?" అన్నాడు ఎల్వుడ్.

"రీలు కోసం బావా! కుడిచేతివాటమా, ఎడమచేతివాటమా తెలియకుండా రీలెలా కొంటారు?"

ఎల్వుడ్ మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఆవిడ పాటల బృందం వైపు తిరిగింది. పాటల బృందం పాటల పుస్తకాల్లో తలలు దూర్చింది. ఆర్డిస్ వెళ్ళి పెట్టెను పాస్టర్ గారి చేతుల్లో పెట్టింది.

"మీరు వెళ్ళిపోతారేమోనని, ఇక్కడే ఆపుకుందామని తెచ్చాం," అంది. "మిమ్మల్ని ఇలా నిలబెట్టాలని కాదు. మమ్మల్ని క్షమించండి."

పాస్టర్ గారు పెట్టె విప్పారు. రీలును చూశారు, అందరినీ చూశారు. ముందు ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని ఆర్డిస్ భయపడింది. ఆయన నవ్వుతున్నారు. నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చుండిపోయారు.

"నాది ఎడమచెయ్యండీ," అన్నారు చివరికి, కళ్ళు తుడుచుకుంటూ.

ఆర్డిస్ డెల్మర్ వంక చూసింది. డెల్మర్ పైకప్పు వంక చూశాడు.

అందరూ అక్కణ్ణుంచి తిన్నగా సరస్సు మీదికి నడిచారు. డెల్మర్ బర్మాతో మంచులో కన్నం తొలిచాడు. పాస్టర్ గారు కర్ర ఎడమచేత్తో పట్టుకుని, పిడి కోసం కుడివైపు వెతికారు. లేదు. కాసేపు ఆలోచించి, కర్రను తలకిందులు చేశారు. రీలు పైకి, పిడి కుడివైపుకు వచ్చాయి.

"అలా పట్టుకోకూడదండీ!" అన్నాడు డెల్మర్, నొప్పి పుట్టినవాడిలా. "వెనక్కి తిప్పాల్సొస్తుంది!"

"తిప్పుతాను."

ఎర తిన్నగా దిగింది. ఊరు ఊరంతా కన్నం చుట్టూ చేరి ఊపిరి బిగబట్టింది. కర్ర కొన ఒక్కసారి వణికి వంగింది. పాస్టర్ గారు వెనక్కి, వెనక్కి తిప్పుతూ, పళ్ళెమంత క్రాపీ చేపను మంచు మీదికి లాగారు. అది గిలగిలా కొట్టుకుని ఎల్వుడ్ బూటు మీద పడింది. పాస్టర్ గారు టెక్సస్‌లో ఏమని అరుస్తారో అలా అరిచారు. ఆయన ఉండిపోతారా అని ఆ రోజు ఎవరూ అడగలేదు. చీకటి పడేదాకా ఆయన్ని ఆ కన్నం దగ్గర్నుంచి లేపడమే పెద్ద పనైంది.

తర్వాతి వారం ప్రసంగం సగమైంది. ఆపై వారం దీవెనతో మొదలై దీవెనతోనే ముగిసింది. మూడో వారం చర్చి మెట్ల మీద ఆయన ఎప్పుడూ విడిచే బూట్లు లేవు. డెల్మర్ దుర్భిణీ పెట్టి చూస్తే, సరస్సు మధ్యలో కర్రను తలకిందులుగా పట్టుకుని ఒకాయన కనిపించాడు.

వసంతం రాకముందే కౌన్సిల్ మళ్ళీ సమావేశమై, పాస్టర్ గారిని చర్చికి రప్పించడానికి ఏ బహుమతి కొనాలా అని చర్చించింది.