అధ్యక్షులవారి రెపో

ఒక పెద్ద అడవిలో వేసవి వచ్చిందంటే అందరికీ ఒకటే మడుగు. తొక్కిసలాట లేకుండా నీళ్లు తాగాలని గిజిగాడనే పిట్ట కష్టపడి ఒక యాప్ అల్లాడు. ఎవరి వంతు ఎప్పుడో అది చెబుతుంది. దూరం నుంచి వచ్చేవాళ్లు ముందు, గట్టున కాపురం ఉండేవాళ్లు చివర.

గట్టున కాపురం ఉండేది అడవి సభ కార్యదర్శి నక్క. అది గిజిగాణ్ణి బెదిరించి, నక్కల వంతే మొదట వచ్చేలా గుట్టుగా మార్పించుకుంది. ఆ మార్పు శాశ్వతం చేసుకోవాలని మర్నాడే అధ్యక్షుడు ఏనుగు చెవిలో ఊదింది.

"మీ పేరున ఒక రెపో తెరుద్దాం దొరా. కోడ్ దాచుకునే కొట్టు. ఎవరేం మార్చినా పాత రూపం భద్రం. యాప్‌ని దానికి కలిపేస్తే పేరంతా మీదే."

కలిపే రోజు దండలు, సన్నాయి. తెరమీద ఒక ప్రశ్న వచ్చింది: యాప్‌ను చూసి రెపోను నింపాలా, రెపోను చూసి యాప్‌ను నింపాలా?

"యాప్‌ను చూసి రెపోనండీ" అన్నాడు గిజిగాడు.

నక్క కళ్లెర్రజేసింది. "అధ్యక్షులవారి రెపో పోయి పిట్ట యాప్‌ను చూసి రాసుకోవాలా? మర్యాద ఉండక్కర్లేదా?"

"రెపో ఖాళీగా ఉందండీ బాబూ!"

"ఖాళీ అయితేనేం, అధ్యక్షులవారిది."

చప్పట్ల మధ్య ఏనుగు తొండంతో నొక్కింది. యాప్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. గిజిగాడికి ఏడుపొక్కటే తక్కువ.

మధ్యాహ్నానికి మడుగు దగ్గర కుమ్ములాట. దున్నలు నీళ్లన్నీ బురద చేశాయి. జింకపిల్లలు నోరెండి ఏడ్చాయి. ఏనుగుకే గుక్కెడు దొరకలేదు.

"పాత రూపం భద్రమన్నావుగా!" అని ఘీంకరించింది.

"భద్రంగానే ఉంది దొరా" అని గొణిగింది నక్క. "ఖాళీగా."

జింకపిల్లల ఏడుపు చూడలేక గిజిగాడు నోరు విప్పాడు. "గూట్లో వారం నాటి కాపీ ఒకటి దాచానండీ."

"అనుమతి లేకుండానా!" అని నక్క అక్కడికక్కడే మెమో ఇచ్చింది. ఆ కాపీతోనే యాప్ మళ్లీ లేచింది. యాప్‌ను కాపాడినందుకు నక్కకు శాలువా కప్పారు.

మర్నాడు నక్క శాలువాతో దర్జాగా మడుగుకొచ్చి తెర చూసుకుంది. దాని వంతు అందరికన్నా చివర.

"నా మార్పేదిరా?" అని పళ్లు నూరింది.

"కాపీ తీసేనాటికి తమరింకా మార్పించలేదండీ" అన్నాడు గిజిగాడు, మెమోను గూట్లో మెత్తగా పరుచుకుంటూ. "మళ్లీ మార్చడానికి అధ్యక్షులవారి అనుమతి అడగమంటారా?"

నక్క శాలువా తలమీదికి లాక్కుని వరసలో చివర నిలబడింది.

నీతి: అడవికి మేలు చేసే పనేదైనా అనుమతి తీసుకునే చెయ్యాలి, కాకపోతే అనుమతి అడగకముందే చేసి దాచుకోవాలి.